మతిమరుపు మొదలైన ఇంట్లో ఆకుకూరలు: ఏది వండాలి, ఎంతవరకు నమ్మాలి

ఒక ఆదివారం మా అత్తయ్య పెట్టిన బెండకాయ పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది. ఎవరికైనా జరిగేదే కదా అని నవ్వుకుని ఊరుకున్నాం. తర్వాతి వారం పొయ్యి మీద పాలగిన్నె మాడి ఇల్లంతా పొగ కమ్మింది. ఇంకో నెలకి విజయవాడ బీసెంట్ రోడ్డు నుంచి ఆటోలో వస్తూ మా సందు పేరు చెప్పలేకపోయారు. కొడుకు ఫోన్ నంబర్ మాత్రం నోటికి వచ్చు కాబట్టి ఆటో అబ్బాయి చేత ఫోన్ చేయించారు. నలభై ఏళ్ళుగా సత్యనారాయణపురంలో ఉంటున్న మనిషి. అప్పటికి ఆవిడకి 73 ఏళ్ళు.

సంగతి తెలిసిన ప్రతివాళ్ళూ ఒక ఆకు పేరు చెప్పారు. సరస్వతి ఆకు, బ్రాహ్మి, అశ్వగంధ, పసుపు పాలు, అక్రోట్లు. అందరూ మంచికోరే చెప్పారు. వాటిలో కొన్ని నిజంగానే తినదగ్గవి, కొన్ని డబ్బు దండగ, ఒకటి రెండు మాత్రం రోజూ వేసుకునే మందులతో కలిస్తే ప్రమాదం. ఏది ఏదో తేల్చుకోడానికి మాకు ఏడాదిన్నర పట్టింది. మీ ఇంట్లో అమ్మకో నాన్నకో మామయ్యకో ఇలాంటిది మొదలైతే ఏ పని ముందు చేయాలి, ఏది తర్వాత అనేది వరసగా చెబుతాను. నేను డాక్టర్ని కాను. వంటింట్లో ఉండే మనిషిని, ప్రిస్క్రిప్షన్లు దాచిపెట్టే అలవాటున్న మనిషిని.

1. ఆకు కొనే ముందు రక్తపరీక్ష

మేం తప్పు చేసింది ఇక్కడే. ఒక దుకాణంలో "మూడు నెలల్లో జ్ఞాపకశక్తి వెనక్కి వస్తుంది" అని చెప్పి 1,800 రూపాయలకి ఒక పొడి డబ్బా అంటగట్టారు. పొద్దున ఒక చెంచా, రాత్రి ఒక చెంచా, తేనెతో. నాలుగు నెలలు తినిపించాం. అత్తయ్యకి కాళ్ళు తిమ్మిర్లెక్కడం మొదలయ్యాక గానీ డాక్టర్ దగ్గరికి వెళ్ళలేదు. ఆయన నాలుక చూసి, శాకాహారమా అని అడిగి, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఎన్నేళ్ళుగా వేసుకుంటున్నారో అడిగి, బి12 పరీక్ష రాశారు. రిపోర్టులో 130 వచ్చింది. 200 కంటే తగ్గితే లోపం కిందే లెక్క.

బి12 తగ్గితే మతిమరుపు, చిరాకు, నడకలో తూలు, తిమ్మిర్లు అన్నీ వస్తాయి. చూసేవాళ్ళకి అచ్చం డిమెన్షియాలాగే, అంటే మతి క్రమంగా తగ్గిపోయే జబ్బులాగే ఉంటుంది. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే ఒంట్లో బి12 తగ్గుతుంది. పైగా ఈ విటమిన్ పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసాల్లోనే దొరుకుతుంది. ఆకుల మీద ఆధారపడితే రాదు. అంటే ఆకుల్లో లేనిదాని లోటుకి మేం నాలుగు నెలలు ఆకుపొడి పెట్టామన్నమాట.

కాబట్టి ముందు ఈ పరీక్షలు చేయించండి: బి12, థైరాయిడ్, షుగర్, సోడియం, హీమోగ్లోబిన్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్. సోడియం ఎందుకంటే, బీపీకి ఇచ్చే కొన్ని మందుల వల్ల పెద్దవాళ్ళలో అది పడిపోయి మనిషి అయోమయంగా మాట్లాడతారు. వేసుకునే మందులన్నీ ఒక సంచీలో వేసి తీసుకెళ్ళి డాక్టర్ ముందు పోయండి. నిద్రకి, జలుబుకి, ఎలర్జీకి, మూత్రం ఆగకపోవడానికి వాడే మాత్రల్లో కొన్ని జ్ఞాపకాన్ని మసకబారుస్తాయి. గత రెండు మూడు నెలల్లో బాత్రూమ్‌లో జారిపడ్డారా అని గుర్తు తెచ్చుకోండి. తల లోపల రక్తం నెమ్మదిగా చేరి, వారాల తర్వాత తేడా బయటపడొచ్చు. చెవులు సరిగ్గా వినపడుతున్నాయో లేదో కూడా చూపించండి. వినపడని మాట గుర్తుండదు, దాన్ని మనం మతిమరుపు అనుకుంటాం.

నిన్నటిదాకా బాగున్న మనిషి ఒకటి రెండు రోజుల్లో తేడాగా మాట్లాడుతుంటే, మూతి వంకరపోతే, ఒకవైపు చెయ్యి పట్టు తప్పితే, కషాయం సంగతి తర్వాత, ముందు ఆసుపత్రి. మన చుట్టుపక్కల గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి జీజీహెచ్‌లో, మంగళగిరి ఎయిమ్స్‌లో న్యూరాలజీ విభాగాలున్నాయి.

బి12 ఇంజెక్షన్లు పడ్డాక అత్తయ్య తిమ్మిర్లు తగ్గాయి, మాట తీరు చాలా మెరుగైంది. మొత్తం తిరిగి రాలేదు. వయసుతో వచ్చేది కొంత మిగిలింది. ఆకుకూరల కథ ఆ మిగిలిన దగ్గర మొదలవుతుంది.

2. ఏది సరస్వతి, ఏది బ్రాహ్మి

ఈ రెండు పేర్లనీ జనం ఇష్టమొచ్చినట్టు కలిపేస్తారు. అమ్మేవాళ్ళూ కలిపేస్తారు. అవి రెండూ వేరు వేరు మొక్కలు.

సరస్వతి ఆకుని ఆయుర్వేదంలో మండూకపర్ణి అంటారు. నేల మీద తీగలా పాకుతుంది, ప్రతి కణుపు దగ్గరా వేరు దిగుతుంది. ఆకు గుండ్రంగా, ఐదు రూపాయల బిళ్ళంత లేదా ఇంకాస్త పెద్దగా ఉంటుంది. కాడ అంటుకునే చోట ఆకు లోపలికి కోసినట్టు ఉంటుంది. అంచు చుట్టూ చిన్న చిన్న గుండ్రటి పళ్ళుంటాయి. పచ్చిది నమిలితే కొంచెం వగరు, కొంచెం చేదు.

బ్రాహ్మి అంటే నీరుబ్రాహ్మి. దాని ఆకు చూడటానికి గంగవావిలి కూర ఆకుకి చిన్న చెల్లెల్లా ఉంటుంది. చిన్నగా, పొడుగ్గా, దళసరిగా, నీటితో నిండి ఉంటుంది. ఆకులు జంటలుగా ఎదురెదురుగా వస్తాయి. తెల్లగానో లేత ఊదాగానో చిన్న పువ్వు పూస్తుంది. చేదు గట్టిగా ఉంటుంది, నాలుక మీద చాలాసేపు నిలుస్తుంది.

మూడోది ఒకటుంది, నర్సరీలో నాకు అంటగట్టింది అదే. కుండీలో గుబురుగా, నున్నగా మెరుస్తూ, చిన్న చిన్న గొడుగుల్లా ఉన్న ఆకులు. "సరస్వతేనమ్మా" అన్నాడు అబ్బాయి. 120 రూపాయలిచ్చి తెచ్చాను. అత్తయ్య వరండాలో కూర్చుని ఉన్నారు. ఆ పొద్దున నన్ను రెండుసార్లు మా ఆడపడుచు పేరుతో పిలిచారు. కుండీ చూసి ఒక ఆకు తుంచి, తిరగేసి, కాడని బొటనవేలితో పట్టుకున్నారు. "అమ్మాయ్, కాడ ఎక్కడ అంటుకుందో చూడు. ఆకు నట్టనడుమ ఉంది. ఇది సరస్వతి కాదు, వట్టి గొడుగు" అన్నారు. ఆవిడ పుట్టింది తెనాలి పక్క పల్లెలో. చిన్నప్పుడు పొలం గట్ల మీద కోసి తెచ్చిన ఆకు. పేర్లు జారిపోతున్న మనిషికి ఆకు జారిపోలేదు.

మీరు గుర్తుంచుకోవాల్సింది కూడా ఆ ఒక్క గుర్తే. కాడ ఆకు మధ్యలో గొడుగు కర్రలా అంటుకుంటే అలంకారం మొక్క. కోత పడిన అంచు దగ్గర అంటుకుంటే సరస్వతి. అనుమానం తీరకపోతే మొక్కని వేరుతో సహా తీసుకుని విజయవాడలోని డాక్టర్ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలలో ఎవరినైనా అడగండి. తెలియని ఆకుని "అలాగే ఉంది కదా" అని పప్పులో వేయకండి.

ఇక ఇవి పనిచేస్తాయా అన్న ప్రశ్న. రెండింటిలో మనుషుల మీద ఎక్కువ పరీక్షలు జరిగింది నీరుబ్రాహ్మి మీద. లక్నోలోని సెంట్రల్ డ్రగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ దీని మీద చాలా ఏళ్ళు పనిచేసింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి రోజుకి 300 మిల్లీగ్రాముల సారం దాదాపు 12 వారాలు ఇచ్చి చూసిన కొన్ని పరీక్షల్లో, విన్న మాటల జాబితాని కాసేపాగి తిరిగి చెప్పడం కొంత మెరుగైంది. కడుపులో తిప్పడం, వికారం, విరేచనాలు కూడా కొందరికి వచ్చాయి. ఈ పరీక్షల్లో ఇచ్చింది ప్రయోగశాలలో తీసిన సారం, పచ్చడి కాదు. డిమెన్షియా వచ్చినవాళ్ళకి నయమైందని ఎవరూ చూపించలేదు. సరస్వతి ఆకు గురించి ఇంకా తక్కువ చెప్పాలి. మా ఇంట్లో అది ఒక ఆకుకూర. నోటికి బాగుంటుంది, ఆకుకూరకి ఉండే మంచంతా ఉంటుంది, అందుకే తింటాం.

3. కాలవ గట్టు ఆకు వద్దు

ఈ రెండు మొక్కలూ తడినేలలో పెరుగుతాయి. విజయవాడలో తడినేల అంటే ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ, బుడమేరు. వాటి గట్ల మీద ఏపుగా ఉన్న ఆకు చూస్తే చెయ్యి ఊరుకోదు. కానీ ఊళ్ళో మురుగంతా కలిసే నీళ్ళవి. అలాంటి చోట పెరిగిన మొక్క నేలలోని సీసం, కాడ్మియం లాంటి లోహాల్ని ఆకుల్లోకి లాక్కుంటుంది. సీసం మెదడుకి చేసే చెరుపు ఏ బ్రాహ్మీ తీర్చలేదు. కడిగితే మట్టి పోతుంది గానీ ఆకు లోపలికి చేరింది పోదు.

ఇంట్లో పెంచడం తేలికే. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న తొట్టి తీసుకోండి. మట్టిలో మూడో వంతు పశువుల ఎరువు కలపండి. వేరున్న కణుపుతో తీగ ముక్కలు నాలుగు నాటితే చాలు, పాక్కుంటూ తొట్టి నింపేస్తుంది. మొదటి కోతకి ఒక రెండు నెలలు ఓపిక పట్టండి. మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి. పొద్దుటి ఎండ చాలు. మన రోహిణి కార్తె ఎండకి మేడమీద వదిలితే రెండు రోజుల్లో కాగితమైపోతుంది. మొదటి ఏడు నాది అలాగే పోయింది. ఇప్పుడు తొట్టి బాత్రూమ్ కిటికీ కింద, నీడలో ఉంటుంది. కోసేటప్పుడు తీగ జోలికి వెళ్ళకుండా ఆకుని కాడతో తుంచండి. వానాకాలంలో నత్తలు వస్తాయి, వాటి జిగురు ఆకుల మీద ఉంటుంది. ఉప్పు నీళ్ళలో పది నిమిషాలు ఉంచి, రెండు నీళ్ళతో కడగండి. పచ్చిగా తినకండి.

4. రోజూ ఒక ఆకుకూర, పేరు ఏదైనా సరే

నా మటుకు నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. దీనికి ఏ దుకాణమూ ప్రకటన వేయదు.

షికాగోలోని రష్ విశ్వవిద్యాలయం వాళ్ళు సగటున 81 ఏళ్ళ వయసున్న 960 మందిని దాదాపు ఐదేళ్ళు గమనించి 2018లో ఫలితాలు ప్రచురించారు. రోజుకి ఒకసారైనా ఆకుకూర తినేవాళ్ళకీ, దాదాపుగా తిననివాళ్ళకీ జ్ఞాపకం తగ్గే వేగంలో ఉన్న తేడా, మెదడు వయసు పదకొండేళ్ళు తగ్గినంత. వాళ్ళ దగ్గర తిన్నది పాలకూర, కేల్, లెట్యూస్ లాంటివి. మందు మొక్కలేం కాదు. ఆకుకూరలు తినేవాళ్ళకి మిగతా మంచి అలవాట్లూ ఉండొచ్చు కాబట్టి మొత్తం ఘనత ఆకుదే అనలేం. అదే బృందం మెదడు ఆరోగ్యం కోసం తయారుచేసిన మైండ్ డైట్ అనే తిండి పద్ధతిని 604 మంది మీద మూడేళ్ళు పరీక్షించి 2023లో చెప్పిన ఫలితం కూడా వినాలి. ఆ డైట్ తిన్నవాళ్ళకీ, మామూలు తిండే కాస్త తగ్గించి తిన్నవాళ్ళకీ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మూడేళ్ళలో తేలే సంగతి కాకపోవచ్చు. ఏదేమైనా "ఇది తింటే అది తగ్గుతుంది" అనే భరోసా ఎవరిచ్చినా నమ్మకండి. ఆకుకూర తినడానికి బీపీ, షుగర్, మలబద్ధకం చాలు కారణాలు. అవి బాగుంటే మెదడుకి వెళ్ళే రక్తనాళాలూ బాగుంటాయి.

వండిన కూర మనిషికి అరకప్పు లెక్క. మన ఊళ్ళో ఇది కష్టమైన పనే కాదు. పటమట రైతు బజార్‌కి పొద్దున్నే వెళితే తోటకూర, పాలకూర, చుక్కకూర, గోంగూర, బచ్చలి, మెంతికూర, పొన్నగంటి కూర ఏదో ఒకటి తాజాగా దొరుకుతుంది. మేం వారానికి ఇలా తిప్పుతాం: రెండు రోజులు పప్పులో, రెండు రోజులు పొన్నగంటి గానీ తోటకూర గానీ వేపుడు, ఒక రోజు బచ్చలి పులుసు, ఒక రోజు మునగాకు పప్పు, ఒక రోజు సరస్వతి పచ్చడి. గంగవావిలి కూర కనిపిస్తే వదలకండి. ఆకుల్లో ఒమేగా-3 కొవ్వు చెప్పుకోదగ్గంత ఉన్నది అదే. పెరట్లో కలుపు అని పీకి పారేస్తాం గానీ, మామిడికాయతో పప్పు చేస్తే దానికి సాటి లేదు.

ఇక్కడ గుంటూరు, కృష్ణా వాళ్ళకి ఒక మాట. గోంగూర పప్పు వేరు, గోంగూర నిల్వ పచ్చడి వేరు. రెండోదాంట్లో ఆకు కంటే ఉప్పూ నూనే ఎక్కువ. రోజుకి మొత్తం మీద ఉప్పు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే దాదాపు ఒక చిన్న చెంచా. ఆవకాయ, గోంగూర, అప్పడం, మజ్జిగ మిరపకాయ ఒకే పూట కంచంలో ఉంటే ఆ లెక్క అన్నం సగం తినేలోపే దాటుతుంది. అదుపులో లేని బీపీ మతిమరుపుకి దారితీసే పెద్ద కారణాల్లో ఒకటి. పచ్చడి మానమంటే మా ఇంట్లో విప్లవం వస్తుంది కాబట్టి వారానికి రెండు రోజులని రాజీపడ్డాం.

పళ్ళ సంగతి కొంచెం. బ్లూబెర్రీలు మెదడుకి మంచివని చదివి సూపర్ మార్కెట్‌లో చిన్న డబ్బా ధర చూసి కళ్ళు తిరిగితే, జూన్ దాకా ఆగండి. నేరేడు పండుకి ఊదా రంగు ఇచ్చేవీ బ్లూబెర్రీలకి రంగు ఇచ్చే పదార్థాల జాతివే. నల్ల ద్రాక్షా అంతే.

5. సరస్వతి ఆకు పచ్చడి, అత్తయ్య కొలతలతో

నలుగురికి: రెండు గుప్పెళ్ళ ఆకు, చెంచా మినప్పప్పు, చెంచా శనగపప్పు, అర చెంచా జీలకర్ర, నాలుగు ఎండుమిరపకాయలు, ఎనిమిది మిరియాలు, రెండు చెంచాల పచ్చికొబ్బరి, చిన్న ఉసిరికాయంత చింతపండు, చిటికెడు పసుపు.

బాండీలో చెంచా నూనె వేసి పప్పులు ముందు వేయించండి. అవి బంగారు రంగుకి వచ్చాక మిరపకాయలు, మిరియాలు, ఆఖర్న జీలకర్ర. వాటిని తీసేసి అదే బాండీలో కడిగి ఆరబెట్టిన ఆకు వేయండి. ఆకు మెత్తబడి సగానికి దిగాలి, నల్లబడకూడదు. నల్లబడితే చేదు పైకొస్తుంది. రెండు నిమిషాలు చాలు. పొయ్యి కట్టేశాక ఆ వేడి మీదే కొబ్బరి, పసుపు, నానబెట్టిన చింతపండు వేసి కలపండి. చల్లారాక పప్పులు ముందు పొడికొట్టి, తర్వాత ఆకు వేసి కచ్చాపచ్చాగా తిప్పండి. ఉప్పు ఆఖర్న, రుచి చూసి. ఉప్పు వేసే పని ఇప్పటికీ అత్తయ్యదే. వేయగానే పైకి "వేశాను" అని చెప్పాలి, అది ఇంట్లో పెట్టుకున్న రూలు.

ఇక కారప్పొడి. అవిసె గింజలు ఒక కప్పు చిటపటలాడేదాకా వేయించి, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, కరివేపాకు, కొంచెం చింతపండుతో పొడి చేసుకుంటే ఇడ్లీలోకీ అన్నంలోకీ బాగుంటుంది. కొంచెం కొంచెంగా చేసుకోండి, పదిహేను రోజులు దాటితే నూనె వాసన వస్తుంది.

6. పసుపు గురించి

"మనం పసుపు తింటాం, మనకి ఆ జబ్బు రాదు" అనేవాళ్ళు నాకు వారానికి ఒకరైనా తగులుతారు. దేశం మొత్తం మీద జరిగిన పెద్ద అధ్యయనం 2023లో చెప్పిందేమిటంటే, 60 దాటినవాళ్ళలో నూటికి ఏడుగురికి పైగా, అంటే 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. వాళ్ళందరి వంటింట్లోనూ పసుపు డబ్బా ఉండే ఉంటుంది.

పసుపులో చర్చంతా కర్కుమిన్ గురించి. పసుపు బరువులో అది నూటికి మూడు పాళ్ళే. అదీ ఒంటికి పట్టేది చాలా తక్కువ. బెంగళూరులోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వాళ్ళు 1998లో మిరియాల్లోని పైపరిన్‌తో కలిపి ఇస్తే రక్తంలోకి చేరేది ఇరవై రెట్లు పెరిగిందని చూపించారు. మన చారులో, పొంగలిలో ఆ రెండూ ఎప్పుడూ కలిసే ఉన్నాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజిలిస్ వాళ్ళు 2018లో డిమెన్షియా లేని 40 మందితో ఒకటిన్నర ఏడాది చేసిన చిన్న పరీక్షలో, బాగా ఒంటపట్టేలా తయారుచేసిన కర్కుమిన్ జ్ఞాపకాన్ని కొంత మెరుగుపరిచింది. డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్ అప్పటికే వచ్చినవాళ్ళ మీద చేసిన పరీక్షల్లో మాత్రం ఫలితం లేదు. కూరలో వేసే పసుపు వేయండి. మాత్రలుగా వద్దు. మిరియాల సారం కలిపిన కర్కుమిన్ మాత్రల వల్ల లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి.

అసలు జాగ్రత్త పడాల్సింది కల్తీ గురించి. కొమ్ములకి మెరుగు రావడానికి లెడ్ క్రోమేట్ అనే పసుపు రంగు పూసే అలవాటు బంగ్లాదేశ్‌లో ఎంత ఉందో 2019లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు బయటపెట్టారు. అందులో ఉన్నది సీసం. మనకి పక్కనే దుగ్గిరాల పసుపు మార్కెట్ ఉంది కాబట్టి ఏడాదికి సరిపడా కొమ్ములు కొని మరపట్టించుకోవడం కష్టం కాదు. కొమ్ముని గ్లాసు నీళ్ళలో వేసి చూడండి. వేసీ వేయగానే రంగు దిగితే పూత ఉన్నట్టు. పైన కంటే విరిచిన లోపల రంగు బాగుండాలి.

7. మందుల డబ్బా పక్కన పెట్టుకుని ఇది చదవండి

రక్తం గడ్డకట్టకుండా గుండెకి వార్ఫరిన్ గానీ అసిట్రోమ్ గానీ వేసుకునేవాళ్ళు ఆకుకూర మానక్కర్లేదు, కానీ వారం వారం ఒకే లెక్కలో తినాలి. ఆకుల్లోని విటమిన్ కె ఆ మందుకి ఎదురు పనిచేస్తుంది. నెలంతా తినకుండా ఒక్కసారిగా రోజూ మొదలుపెడితే మందు పని తప్పుతుంది. మార్పు చేసేముందు డాక్టర్‌కి చెప్పి రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చూపించండి.

జ్ఞాపకానికి డొనెపెజిల్ రాసి ఉంటే బ్రాహ్మి మాత్రలు కలపకండి. రెండూ ఒకే దారిలో పనిచేస్తాయి కాబట్టి వాంతులు, నాడి నెమ్మదించడం లాంటివి రావచ్చు. థైరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్ళకి అశ్వగంధ వద్దు. దానివల్ల కూడా లివర్ పాడైన కేసులున్నాయి. కిడ్నీ జబ్బు ఉంటే ఆకుకూర ఎంత తినాలో డాక్టర్నే అడగండి. చాలామందికి ఆకు ఉడికించి నీళ్ళు వార్చేసి వండమని చెబుతారు, పొటాషియం తగ్గడానికి. కిడ్నీలో రాళ్ళొచ్చే తత్వం ఉంటే పాలకూర, గోంగూర, చుక్కకూర తగ్గించాలి.

జింకో అనే చెట్టు ఆకుల సారంతో చేసే మాత్రలు కూడా మెడికల్ షాపుల్లో చూస్తుంటాం. అమెరికాలో 75 దాటిన మూడు వేల మందికి పైగా పెద్దవాళ్ళకి సుమారు ఆరేళ్ళు ఇచ్చి చూస్తే డిమెన్షియా రావడం తగ్గలేదని 2008లో తేలింది. అక్కడితో ఆ ఖర్చు నేను మానేశాను.

లేబుల్ లేని పొడులు, భస్మాలు అసలు ముట్టుకోకండి. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే ఐదింట ఒకదానిలో సీసమో పాదరసమో ఆర్సెనికో బయటపడిందని కూడా 2008లోనే ప్రచురించారు. మేం కొన్న ఆ డబ్బా మీదా ఏం కలిపారో రాసి లేదు. అప్పుడు గమనించలేదు.

8. ఆకు తుంచే పని పెద్దవాళ్ళకే వదలండి

పాలగిన్నె మాడిన రోజు నుంచి మేం అత్తయ్యని వంటింట్లోకి రానివ్వడం మానేశాం. ప్రేమతోనే. నెల తిరిగేసరికి ఆవిడ టీవీ ముందు కూర్చుని ఏ కార్యక్రమం నడుస్తోందో కూడా పట్టించుకోని మనిషయ్యారు. మనుషులతో కలవకపోవడం, వినికిడి తగ్గడం, కదలకపోవడం, బీపీ, షుగర్, చూపు తగ్గడం లాంటి 14 కారణాల్ని సరిదిద్దగలిగితే డిమెన్షియాలో దాదాపు 45 శాతం ఆపవచ్చు లేదా వెనక్కి నెట్టవచ్చని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024 అంచనా. ఆ జాబితాలో ఏ ఆకు పేరూ లేదు.

ఇప్పుడు పద్ధతి మార్చాం. పొయ్యి దగ్గర ఒంటరిగా ఉండరు. కానీ రైతు బజార్‌కి ఆవిడ రావాల్సిందే. ఏ కట్ట ముదురు, ఏది లేత, రేటెంత అనేది ఆవిడే తేలుస్తారు. పది గంటలకి చాప మీద పొన్నగంటి కూర పోస్తే గంటసేపు కూర్చుని తుంచుతారు. పొన్నగంటి తుంచడం చిరాకు పని, కాడ గట్టిపడిన చోట ఆగాలి, పసుపు ఆకు పక్కన పెట్టాలి. ఆవిడ చేతులు ఆ పని చూడకుండా చేసేస్తాయి, నోరు మాత్రం తెనాలి కబుర్లు చెబుతూ ఉంటుంది. ఒకే కబురు రెండోసారి వస్తే "ఇందాకే చెప్పారు" అనకండి. వినండి.

జబ్బు ముదిరిన దశలో మింగడం కష్టమవుతుంది. అప్పుడు నారలున్న ఆకు గొంతులో అడ్డం పడుతుంది, దగ్గు వస్తుంది. కాడలు తీసేసి మెత్తగా ఉడికించి పప్పుతో మెదిపి పెట్టండి. తిన్నాక అరగంట కూర్చోబెట్టండి.

9. ఒక నోట్‌బుక్

ఒకేసారి నాలుగు కొత్తవి మొదలుపెడితే దేనివల్ల ఏమైందో తెలియదు. నెలకి ఒక మార్పు చాలు. రోజూ ఒక లైను రాయండి: ఏ కూర తిన్నారు, నిద్ర ఎలా పట్టింది, విరేచనం అయిందా, కొత్తగా మర్చిపోయింది ఏమిటి. పదిహేను రోజులకోసారి బరువు. ఏడాదిలో నాలుగు కిలోలు తగ్గారంటే అది డాక్టర్‌కి చెప్పాల్సిన విషయం.

మా నోట్‌బుక్ మొదట నేను రాసేదాన్ని. మొన్న శ్రావణంలో చూస్తే మధ్యలో ఒక పేజీలో అత్తయ్య చేతిరాత ఉంది, అక్షరాలు కొంచెం వంకర. "కోడలు ఈరోజు చారులో ఉప్పు మర్చిపోయింది" అని రాసి కింద తేదీ వేశారు. తేదీ సరైనదే.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ నోట్‌బుక్, పాత రిపోర్టులు, మందుల షీట్లు, ఆకుపొడులు ఏమైనా వాడుతుంటే వాటి డబ్బాలు అన్నీ ఒకే సంచీలో వేసుకోండి. పొడుల సంగతి చాలామంది దాస్తారు, తిడతారేమోనని. చెప్పేయండి. తోడుకి ఎవరూ లేని పెద్దవాళ్ళు మీకు తెలిసి ఉంటే వాళ్ళ ఫోన్‌లో 14567 సేవ్ చేసి పెట్టండి. అది పెద్దవాళ్ళ కోసం ఉన్న ఎల్డర్‌లైన్ నంబర్, ఫోన్‌కి డబ్బులు పడవు.